గడియారం తరుముతుంటే చేయి తడబడకుండా: పిల్లల 'రిపేర్ ఆటలు' మనకు చెప్పేదేమిటి?



పేరెంట్ టీచర్ మీటింగ్‌లో మార్కుల సంగతి పూర్తయ్యాక ఎక్కువ మంది మాట్లాడేది ఫోన్ గురించే. "ఏదో వైర్లు కలుపుతుంటాడు టీచర్. పిలిస్తే పలకడు. మధ్యలో ఆపమంటే ఇల్లు పీకి పందిరేస్తాడు." ఈ మాట 4వ తరగతి నుంచి 9వ తరగతి దాకా అన్ని తరగతుల తల్లిదండ్రుల నోటా వింటున్నాం. ఫోన్ ఎంతసేపు ఇవ్వాలన్నది వేరే చర్చ. ఈ నెల నేను రాయదలచింది ఆ వైర్ల గురించి. అక్కడ పిల్లలు ఏం చేస్తున్నారు, కొందరు త్వరగా ఆరితేరుతుంటే కొందరు ఎందుకు కంగారుపడిపోతున్నారు, అందులో పరీక్ష హాలుకు పనికొచ్చేది ఏమైనా ఉందా, అసలు పనికిరానిది ఏమిటి అన్న విషయాలు చూద్దాం.

ఆటలో జరిగేది ఇదీ

మన పిల్లల్లో చాలా మందికి తెలిసిన ఆట 'అమాంగ్ అస్'. ఇన్నర్‌స్లాత్ అనే చిన్న అమెరికన్ సంస్థ 2018లో విడుదల చేసింది. రెండేళ్ల పాటు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2020లో అందరూ ఇళ్లలో ఉండిపోయినప్పుడు ప్రపంచమంతా ఆడింది. కథ చిన్నదే. ఒక అంతరిక్ష నౌక, అందులో కొందరు సిబ్బంది. వాళ్లలో ఒకరిద్దరు దొంగలు, కానీ ఎవరో తెలియదు. సిబ్బంది తమకిచ్చిన పనులన్నీ పూర్తి చేయాలి, లేదా దొంగను కనిపెట్టి ఓట్లతో బయటికి పంపాలి. దొంగలు పనులు చెడగొడుతూ, ఒంటరిగా దొరికిన వాళ్లను ఆట నుంచి తప్పిస్తూ ఉంటారు.

ఆ పనులే మనకు కనిపించే వైర్లు. ఎడమవైపు నాలుగు రంగుల వైర్లు, కుడివైపు అవే రంగులు వేరే వరుసలో ఉంటాయి. వేలితో లాగి ఏ రంగును ఆ రంగుకు కలపాలి. ఇంకో పనిలో తిరుగుతున్న మూడు చక్రాలను సరిగ్గా గీత మీదికి వచ్చిన క్షణంలో ఆపాలి. మరో చోట 1 నుంచి 10 వరకు చెదిరి ఉన్న అంకెలను వరుసలో నొక్కాలి. తీరిగ్గా చేస్తే యూకేజీ పాప కూడా చేసేస్తుంది.

కష్టం పనిలో లేదు, పని చేసే పరిస్థితిలో ఉంది. వైర్ల బోర్డు తెరిస్తే స్క్రీన్‌లో చాలా భాగం అదే కప్పేస్తుంది, వెనక నుంచి ఎవరు వస్తున్నారో సరిగా కనబడదు. అదే సమయంలో రియాక్టర్ పాడైందని అలారం మోగుతుంది, స్క్రీన్ ఎర్రగా మెరుస్తుంది, సెకన్లు తగ్గుతూ ఉంటాయి. ఇద్దరు పిల్లలు రెండు వేర్వేరు చోట్లకు పరుగెత్తి, ఒకేసారి చేయి పెట్టి ఉంచితేనే అలారం ఆగుతుంది. సమయం దాటితే ఆట అయిపోయినట్టే. మీరు "అన్నం చల్లారిపోతోంది, రా" అని పిలిచేది సరిగ్గా అప్పుడే కావచ్చు!

చేయి ఎందుకు తడబడుతుంది?

ఈ ఆటలో పిల్లలందరూ తిట్టుకునే పని ఒకటుంది: కార్డు గీకడం. మెట్రో స్టేషన్‌లోనో ఆఫీసులోనో కార్డు వాడినంత సులువుగా కనిపిస్తుంది. వేగంగా గీకితే మరీ వేగం అంటుంది. భయపడి నెమ్మదిగా గీకితే మరీ నెమ్మది అంటుంది. మూడోసారికి పిల్లాడికి కోపం వస్తుంది, నాలుగోసారి మరింత వేగంగా గీకుతాడు. చేయి అదే, కార్డు అదే. మారింది మనసులోని ఒత్తిడి.

దీనికి పాత వివరణ ఒకటి ఉంది. 1908లో యెర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు ఎలుకల మీద చేసిన ప్రయోగంలో, ఒత్తిడి కొంత పెరిగితే నేర్చుకోవడం మెరుగుపడిందనీ, మరీ పెరిగితే దెబ్బతిన్నదనీ గమనించారు. ముఖ్యమైన సంగతేమిటంటే, పని కష్టమైనదైతే ఆ దెబ్బ తక్కువ ఒత్తిడికే తగిలింది. అలవాటైన సులువైన పనిని కొంచెం కంగారులో కూడా చేయగలం. కొత్త పనికి ఆ కంగారే ఎక్కువైపోతుంది.

రెండో కారణం మనం ఒకేసారి తలలో ఎంత పట్టుకోగలం అన్నది. ఏ క్షణంలోనైనా మనం మనసులో నిలుపుకోగలిగేవి కొన్ని విషయాలే. "టైం అయిపోతోంది", "అందరూ నన్నే అంటారు", "మళ్లీ తప్పు చేస్తానేమో" అనే ఆలోచనలు కూడా ఆ కొంచెం చోటులోనే కూర్చుంటాయి. అవి మూడు ఆక్రమించాక అసలు పనికి మిగిలేది తక్కువ. లెక్కల పరీక్షలో ఇంటి దగ్గర వచ్చిన లెక్కే హాలులో రాకపోవడానికి కూడా చాలా సార్లు ఇదే కారణం. వాళ్లు చదవలేదని కాదు, చదివింది బయటికి రావడానికి చోటు లేకపోయింది.

బాగా ఆడే పిల్లలు చేసేదేమిటి?

ఈ పనుల్లో నెగ్గే పిల్లలను గమనిస్తే వాళ్ల వేళ్లు మిగతావాళ్ల కంటే వేగంగా కదులుతున్నట్టు ఉండదు. ఆ క్షణంలో వాళ్లు ఆలోచించాల్సింది తక్కువ. అందుకే తొందర లేకుండా కనిపిస్తారు. వాళ్లు చేసేది విడదీసి చూస్తే నాలుగు అలవాట్లు కనిపిస్తాయి.

మొదటిది, ఒత్తిడి లేనప్పుడు సాధన. ఆ ఆటలో ఒంటరిగా తిరుగుతూ పనులు నేర్చుకునే పద్ధతి ఉంది. అక్కడ దొంగ రాడు, ఎవరూ చూడరు. కార్డును ఎంత వేగంతో గీకాలో చేతికి అలవాటయ్యే వరకు ఒక్కటే పని మళ్లీ మళ్లీ చేస్తారు. ఆ తర్వాతే స్నేహితులతో ఆడతారు. కంగారులో నేర్చుకునే పిల్లాడికి పని కంటే కంగారే ఎక్కువ అలవాటవుతుంది.

రెండోది, వరుస మార్చకపోవడం. వైర్లు ఎలా చెదిరి ఉన్నా ఎప్పుడూ పైనుంచి కిందికే కలుపుతారు. ఏది ముందు అన్న ప్రశ్న వాళ్లకు ఉండదు. విమాన పైలట్లు చేసేదీ ఇదే. 1935లో అమెరికాలో బోయింగ్ కంపెనీ కొత్త బాంబర్ విమానం ఒకటి పరీక్షలో పైకి లేచిన కొద్దిసేపటికే కూలిపోయింది. యంత్రంలో లోపం లేదు. నేల మీద ఉన్నప్పుడు విమానాన్ని అదుపు చేసే భాగాలు కదలకుండా వేసే లాక్ తీయడం మరిచిపోయారు. నడిపింది అనుభవం లేనివాడు కాదు. ఆ తర్వాతే విమానం ఎక్కే ముందు చదివి సరిచూసుకునే చెక్‌లిస్టు అలవాటు పాతుకుంది. అనుభవం ఉన్నవాళ్లకే వరుస అవసరమైతే, పిల్లలకు ఇంకెంత అవసరం!

మూడోది, తప్పు జరిగాక ఒక్క క్షణం ఆగడం. కార్డు రెండుసార్లు తప్పితే వేలు తీసేసి, ఒకసారి ఊపిరి వదిలి మళ్లీ మొదలుపెడతారు. ఆ ఒక్క సెకను దండగ అనిపిస్తుంది కానీ, ఆగకుండా నాలుగుసార్లు తప్పు గీకిన దాని కంటే అది తక్కువే.

నాలుగోది, ఏది ముందు అన్నది తేల్చుకోవడం. రియాక్టర్ మోగుతుంటే చేతిలో ఉన్న వైర్ల పని సగంలో వదిలి వెళ్తారు. "ఇది ఒక్కటి పూర్తి చేసి వస్తా" అనుకున్నవాళ్ల వల్లే జట్టు ఓడిపోతుంది. పరీక్షలో ఒక్క 4 మార్కుల లెక్క పట్టుకుని 20 నిమిషాలు కూర్చునే పిల్లలు మీకు తెలిసే ఉంటారు.

మాట సరిగా చెప్పడం కూడా రిపేరులో భాగమే

ఇంగ్లీష్ టీచర్‌గా నాకు ఇంకా నచ్చిన ఆట ఒకటుంది. కెనడాకు చెందిన స్టీల్ క్రేట్ గేమ్స్ 2015లో తెచ్చిన 'కీప్ టాకింగ్ అండ్ నోబడీ ఎక్స్‌ప్లోడ్స్'. ఒక్కరికే స్క్రీన్ మీద ఉత్తుత్తి బాంబు కనిపిస్తుంది, దాన్ని ఎలా ఆపాలో వాళ్లకు తెలియదు. పక్కన కూర్చున్నవాళ్ల దగ్గర నియమాల పుస్తకం ఉంటుంది, వాళ్లు స్క్రీన్ చూడకూడదు. మాటలతోనే పని జరగాలి. ఆ పుస్తకాన్ని ఉచితంగా ప్రింటు తీసుకోవచ్చు. ఇందులో తప్పు చేసినప్పుడల్లా గడియారం వేగం కూడా పెరుగుతుంది. అందుకే పిల్లలు మొదటి తప్పు కంటే, దాని వెనకే కంగారులో చేసే రెండో తప్పు వల్ల ఎక్కువగా ఓడిపోతారు.

నియమాలు మన గ్రామర్ పాఠంలా ఉంటాయి. మూడు వైర్లున్నప్పుడు, ఎరుపు ఒక్కటీ లేకపోతే రెండోది కత్తిరించాలి. ఉంటే, చివరిది తెల్లదేమో చూడాలి. కాకపోతే నీలం ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయేమో చూడాలి. 'ఇఫ్', 'అదర్‌వైజ్' అనే మాటలు ఎందుకు ఉన్నాయో పిల్లలకు అక్కడ అర్థమవుతుంది. ఇంకో భాగంలో 'యువర్', 'యూ ఆర్' లాంటి ఒకేలా వినిపించే మాటలు బటన్ల మీద ఉంటాయి. వినిపించినట్టు చెబితే అవతలివాళ్లకు ఏదో తెలియదు. స్పెల్లింగ్ అక్షరం అక్షరం చెప్పాల్సిందే. డిక్టేషన్ అంటే విసుక్కునే పిల్లలు కూడా ఇక్కడ స్పెల్లింగ్ కోసం పోట్లాడుకుంటారు.

దీన్ని ఫోన్ లేకుండానే ఆడించవచ్చు. ఒక కాగితం మీద రంగు పెన్సిళ్లతో నాలుగైదు వైర్ల బొమ్మ వేసి ఒకరికి ఇవ్వండి. ఇంకో కాగితం మీద నాలుగు నియమాలు రాసి రెండోవారికి ఇవ్వండి. ఒకరి కాగితం ఒకరు చూడకూడదు. టైమర్ 2 నిమిషాలకు పెట్టండి. మొదటి రెండు సార్లు ఇద్దరూ ఒకేసారి అరుస్తారు. మూడోసారికి ఒకరు చెప్పడం, రెండోవారు అదే మాట తిరిగి చెప్పి సరిచూసుకోవడం మొదలవుతుంది. చెప్పింది తిరిగి చెప్పడం అనే అలవాటు విమానాల్లో, ఆపరేషన్ థియేటర్లలో ప్రాణాలు కాపాడే పద్ధతి.

నిజమైన రిపేరులో మొదటి పని: ఆపడం

ఈ వ్యాసంలో తప్పక గుర్తుంచుకోవాల్సిన విషయం ఇది. ఆటలో వైర్లను వట్టి వేళ్లతో, కరెంటు ఉండగానే, పరుగున వచ్చి కలిపేస్తారు. నిజంగా ఆ పని చేసేవాళ్లు అలా చేయరు. కొల్లూరు నుంచి రామచంద్రాపురం, పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం వైపు షిఫ్టులకు వెళ్లే తల్లిదండ్రులు మనలో చాలా మంది ఉన్నారు. మెయింటెనెన్స్‌లో పనిచేసేవారికి ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు.

లైన్ ఆగిపోయి, ప్రొడక్షన్ వాళ్లు ఎంత తొందరపెట్టినా, మిషన్‌లో చేయి పెట్టే ముందు దాని కరెంటు ఆపాలి. ఐసొలేటర్‌కు తాళం వేసి, తన పేరున్న ట్యాగ్ తగిలించాలి. తాళం చెవి పనిచేసేవాడి జేబులోనే ఉండాలి. కరెంటు నిజంగా పోయిందో లేదో పరికరంతో పరీక్షించాలి. ఆ తర్వాతే స్పానర్ పట్టుకోవాలి. దీన్నే లాక్ అవుట్ ట్యాగ్ అవుట్ అంటారు. మన ఊళ్లలో స్తంభం ఎక్కే లైన్‌మన్ సబ్‌స్టేషన్ నుంచి 'ఎల్‌సీ' తీసుకునేదీ ఇందుకే. ఆ లైన్‌లో సరఫరా ఆపామని, మళ్లీ తను చెప్పేదాకా ఇవ్వబోమని అటువైపు నుంచి మాట తీసుకున్నాకే పైకి ఎక్కాలి.

అంటే ఆట గడియారం "త్వరగా" అంటే, నిజమైన రిపేరు "ముందు ఆపు" అంటుంది. ఆ తేడా పిల్లలకు వాళ్లంతట వాళ్లకు తెలియదు, మనమే చెప్పాలి. వైర్ల ఆటలో ఆరితేరిన పదేళ్ల బాబుకి ఇంట్లో స్విచ్ బోర్డు ఊడి కనిపిస్తే, తనకు తెలుసనే ధైర్యం రావచ్చు. కాబట్టి ఇంట్లో ఈ మూడు నియమాలు స్పష్టంగా చెప్పండి. ఊడిన బోర్డు, తెగిన వైరు, తడిసిన ప్లగ్గు కనిపిస్తే ముట్టుకోకుండా పెద్దవాళ్లను పిలవాలి. ఎంసీబీ పడిపోతే పిల్లలు మళ్లీ పైకి లేపకూడదు. బయట తెగి పడిన కరెంటు తీగ కనిపిస్తే దూరంగా ఉండి, మిగతావాళ్లను ఆపి, పెద్దలకు చెప్పాలి. విద్యుత్ శాఖ ఫిర్యాదుల నంబర్ 1912 అని పిల్లలకు నేర్పండి.

మీలో ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు, ప్లాంట్ ఇంజనీర్లు ఉంటే, మీ పనిలో మొదటి అడుగు ఏమిటో ఒకసారి పిల్లలకు వివరించండి. పిల్లలు ఆటలో వెతికే గొప్పతనం వాళ్ల నాన్న పనిలోనో అమ్మ పనిలోనో ఉందని వాళ్లకు తెలియాలి.

ఆడితే మార్కులు పెరుగుతాయా?

నేరుగా పెరగవు. ఆటల వల్ల మెదడు పదునెక్కుతుందని ప్రకటనలు ఇచ్చే యాప్‌లు చాలా ఉన్నాయి. 2016లో కొందరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇలాంటి బ్రెయిన్ ట్రైనింగ్ మీద వచ్చిన పరిశోధనలను పరిశీలించారు. సాధన చేసిన పనిలో నైపుణ్యం పెరుగుతుంది కానీ, అది చదువు, ఉద్యోగం వంటి దూరపు విషయాలకు పాకుతుందనడానికి ఆధారం చాలా తక్కువని తేల్చారు. అదే ఏడాది లుమోసిటీ అనే యాప్ కంపెనీ, ఆధారం లేని ప్రకటనలు ఇచ్చినందుకు అమెరికా ప్రభుత్వ సంస్థకు 20 లక్షల డాలర్లు చెల్లించాల్సి వచ్చింది. వైర్లు బాగా కలిపితే వైర్లు బాగా కలపడం వస్తుంది, అంతే.

అయితే ఆ నాలుగు అలవాట్లను మనం పేరు పెట్టి, చేయి పట్టి పరీక్ష వైపు తీసుకెళ్లవచ్చు. అది దానంతట అది జరగదు, పెద్దవాళ్లు కలపాలి. "కార్డు గీకేటప్పుడు రెండుసార్లు తప్పితే ఏం చేస్తావు? లెక్క రెండుసార్లు తప్పినప్పుడు కూడా అదే చెయ్యి" అని చెబితే పిల్లలకు వెంటనే అర్థమవుతుంది. యూనిట్ టెస్టుకు ముందు ఇంట్లో ఇలా ప్రయత్నించండి.

కొత్త పాఠాన్ని ముందు గడియారం లేకుండా చేయించండి. నాలుగైదు లెక్కలు తప్పు లేకుండా వచ్చాకే టైమర్ పెట్టండి. మొదటి రోజే టైమర్ పెడితే భయం అలవాటవుతుంది.

పేపర్ చేతికి రాగానే చేసే పనుల వరుస ముందే నిర్ణయించండి. పేరు, రోల్ నంబర్, పేపర్ మొత్తం ఒకసారి చదవడం, వచ్చినవి ముందు రాయడం. ప్రతి పరీక్షకూ అదే వరుస.

పరీక్షంటే బాగా భయపడే పిల్లలతో, ముందు 10 నిమిషాలు ఆ భయాన్ని కాగితం మీద రాయించి చూడండి. అమెరికాలో 9వ తరగతి పిల్లల మీద ఇలా చేసి, 2011లో సైన్స్ పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో భయం ఎక్కువున్న పిల్లలకు మార్కులు మెరుగయ్యాయి. అందరికీ అంతే ఫలితం వస్తుందని కాదు గానీ, ఇందులో పోయేది 10 నిమిషాలే.

ఆట ఆపించేటప్పుడు

ఇలాంటి ఆటల్లో ఒక రౌండు సాధారణంగా కొన్ని నిమిషాల్లో ముగుస్తుంది. మధ్యలో ఫోన్ లాక్కుంటే జట్టులోని మిగతా పిల్లల ఆట కూడా పాడవుతుంది, అందుకే అంత గొడవ. "ఈ రౌండు అయ్యాక ఫోన్ టేబుల్ మీద పెట్టాలి" అని ఆట మొదలయ్యే ముందే మాట తీసుకోండి. తర్వాత మాత్రం గట్టిగా ఉండండి. 'ఇంకొక్కటి' అన్న మాటకు లొంగవద్దు.

అమాంగ్ అస్‌కు అమెరికాలో ఇచ్చిన రేటింగ్ 10 ఏళ్లు దాటిన పిల్లలకు. తెలియనివాళ్లతో చాటింగ్ అవకాశం కూడా ఉంటుంది. చిన్న వయసు నమోదు చేస్తే, పెద్దల అనుమతి లేకుండా ముందే రాసి పెట్టిన మాటలతోనే మాట్లాడగలరు. అందుకే వయసు నిజం రాయించండి. తెలిసిన స్నేహితుల గదిలోనే ఆడమనండి.

నిద్ర, తిండి, స్నేహాలు, చదువు అన్నీ పక్కన పెట్టి నెలల తరబడి ఆటే లోకమైపోతే అది వేరే విషయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని గేమింగ్ డిజార్డర్‌గా గుర్తించింది. సాధారణంగా 12 నెలల పాటు ఆ తీరు కొనసాగితేనే ఆ పేరు పెడతారు, కాబట్టి సెలవుల్లో నాలుగు రోజులు ఎక్కువ ఆడితే భయపడకండి. ఆందోళనగా ఉంటే క్లాస్ టీచర్‌తో మాట్లాడండి. ప్రభుత్వ టెలీ మానస్ సేవ నంబర్ 14416కు కూడా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ఈ ఆదివారం ఒక పని చేయండి. ఆ కార్డు గీకడం ఎలాగో మీ బాబునో పాపనో మీకు నేర్పమనండి. మీరు తప్పకుండా పదిసార్లు తప్పుతారు, వాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. "నెమ్మదిగా నాన్నా", "తొందరపడకమ్మా" అని వాళ్లే మీకు చెప్పేదాకా ఆడండి. ఆ మాట పరీక్ష రోజు ఉదయం వాళ్లకు మీరు తిరిగి చెప్పవచ్చు.